ఇంగ్లీషు మాట చివర ‘ఎస్’ పెట్టే ముందు

తెలుగులో బహువచనానికి పెద్దగా కష్టపడనక్కరలేదు. కొండ, కొండలు, బల్ల, బల్లలు. బయటి నుంచి వచ్చిన మాటకు కూడా మొహమాటం లేకుండా ‘లు’ తగిలించి బస్సులు, ఫోన్లు, టికెట్లు అనేస్తాం. ఈ అలవాటే ఇంగ్లీషు రాసేటప్పుడు ‘లు’ స్థానంలో ‘ఎస్’ పెట్టిస్తుంది. చాలా మాటలకు అది నప్పుతుంది. నప్పనివి కొన్నే, కానీ డీఎస్సీలోనూ బ్యాంకు పరీక్షల్లోనూ తప్పు కనిపెట్టమని అడిగేది వాటినే. తిరుపతి లాడ్జీల బోర్డుల మీదా, దుకాణాల గాజు తలుపుల మీదా, ఉద్యోగ దరఖాస్తుల్లోనూ కనిపించేవి కూడా అవే.

వ్యాకరణ పుస్తకాలు ఈ మాటలను అక్షర క్రమంలో పేర్చి బట్టీ పట్టమంటాయి. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. తెలుగువాళ్లు ఎక్కడ తప్పటడుగు వేస్తారో తెలుగే ముందుగా చెప్పేస్తుంది. బియ్యం, బెల్లం, నెయ్యి, బంగారం అనే మాటలకు మనం ‘లు’ చేర్చం. అందుకే ఇంగ్లీషులో ‘రైసెస్’ అనో ‘గోల్డ్స్’ అనో రాసేవాళ్లు మనలో కనబడరు. చిత్తూరు బెల్లం ఎన్ని బస్తాలు అమ్మినా అది ‘జాగరీ’యే, ‘జాగరీస్’ కాదు. అదే మనిషి సామాన్లు, నగలు, సలహాలు అనే మాటల దగ్గరికి వచ్చేసరికి బోల్తా పడతాడు. కాబట్టి కింద చెప్పిన వరుసలో పని మొదలుపెట్టండి.

ముందు ఒక నోటు పుస్తకంలో రెండు వరుసలు గీయండి

ఎడమ వైపు తెలుగులో ‘లు’తో పలికే మాటలు రాయండి. కుడి వైపు వాటికి సరిపడే ఇంగ్లీషు మాటలు ‘ఎస్’ లేకుండా రాయండి. సామాన్లు – లగేజ్. నగలు – జ్యూయెలరీ. సలహాలు – అడ్వైస్. వార్తలు – న్యూస్ (ఇందులోని ‘ఎస్’ మాటలో భాగమే, మరొకటి చేర్చకూడదు). డబ్బులు – మనీ. నీళ్లు – వాటర్. ఆధారాలు – ఎవిడెన్స్. పరికరాలు – ఎక్విప్‌మెంట్. యంత్రాలు – మెషినరీ. కుర్చీలు, బల్లలు, మంచాలు అన్నీ కలిపి – ఫర్నిచర్. ఇవన్నీ ఇంగ్లీషులో ఏకవచనాలే. వీటి చివర ‘ఎస్’ చేరదు, ముందు ‘ఎ’, ‘ఆన్’ రావు, వెనక ‘ఆర్’ అనే క్రియ రాదు; ‘ఈజ్’ వస్తుంది. ‘మెనీ’ కూడా కుదరదు, ‘మచ్’ అనాలి.

‘వివరాలు’ దగ్గర ఒక తమాషా ఉంది. దాన్ని ‘ఇన్ఫర్మేషన్’ అంటే ‘ఎస్’ రాదు, ‘డీటెయిల్స్’ అంటే ‘ఎస్’ ఉండి తీరాలి. యంత్రాల సంగతీ అంతే. ‘మెషినరీ’ లెక్కకు దొరకదు, ‘మెషీన్స్’ దొరుకుతుంది. ఇలాంటి జంట కనిపించినప్పుడు రెండూ పక్కపక్కనే రాసుకోండి. ఒకటి మరిచిపోయినా రెండోదాంతో వాక్యం గట్టెక్కుతుంది.

ఈ వరుసలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది తలనీలాలు. తిరుమల కల్యాణకట్టలో ఏం జరుగుతుందో పై రాష్ట్రం నుంచో విదేశం నుంచో వచ్చినవారికి ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే మన నోటి వెంట ‘హెయిర్స్’ అని ఊడిపడుతుంది. తలనీలాలు అని బహువచనంలో అలవాటు కదా. కానీ ఇదే విషయం తెలుగులో మరో రకంగా కూడా చెప్పగలం: జుట్టు ఇచ్చారు. జుట్టు ఏకవచనం, వెంట్రుకలు బహువచనం. ఇంగ్లీషులో సరిగ్గా ఇదే తేడా ఉంది. జుట్టు అనదగిన చోటంతా ‘హెయిర్’. వెంట్రుకలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే చోట మాత్రమే ‘హెయిర్స్’. సాంబారులో వచ్చింది ‘ఎ హెయిర్’, రెండు వస్తే ‘టూ హెయిర్స్’. భక్తులు స్వామికి సమర్పించేది ‘హెయిర్’. దేవస్థానం వేలం వేసేదీ ‘హెయిరే’, అది ఎన్ని టన్నులున్నా సరే.

లెక్క చెప్పక తప్పనప్పుడు

అలిపిరి దగ్గర మెట్ల దారిన నడిచి వెళ్లేవారి సామాన్లు తీసుకుని కొండ మీదికి చేరుస్తారు. అక్కడ మీ దగ్గర మూడు సంచులున్నాయని చెప్పాలనుకోండి. ‘త్రీ లగేజెస్’ తప్పు. ‘త్రీ బ్యాగ్స్’ అంటే తేలిగ్గా పోతుంది. లగేజ్ అనే మాటే కావాలంటే ‘త్రీ పీసెస్ ఆఫ్ లగేజ్’ అనాలి. ‘ఎస్’ వెళ్లి ‘పీస్’ మీద కూర్చుంటుంది, లగేజ్ కదలదు. ఇది మనకు కొత్త కాదు. ‘రెండు బియ్యాలు’ అనం, ‘రెండు బియ్యపు గింజలు’ అంటాం. ‘మూడు బెల్లాలు’ అనం, ‘మూడు బెల్లం ముద్దలు’ అంటాం.

అడ్వైస్, న్యూస్, ఫర్నిచర్, జ్యూయెలరీ, ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్ అన్నిటికీ ‘పీస్’ సరిపోతుంది. బ్రెడ్డుకు మాత్రం ‘లోఫ్’, ‘స్లైస్’ ఉన్నాయి. ‘అడ్వైజెస్’ అనే మాట లేదా అంటే ఉంది, కానీ అది క్రియ. ఆయన సలహా ఇస్తుంటాడు అనడానికి. నామవాచకానికి చివర ‘సి, ఇ’, క్రియకు ‘ఎస్, ఇ’ రాస్తారు. పలుకుబడిలో కూడా ఒకటి ‘స’, మరొకటి ‘జ’.

‘ఎస్’ చేరితే అర్థమే మారిపోయేవి

ఇక్కడ పొరపాటు కాస్త ఖరీదైనది, ఎందుకంటే రాసింది తప్పు మాట కాదు, వేరే మాట. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు పొలాల్లో పడి పంటను తొక్కేస్తే జరిగిన నష్టం ‘డ్యామేజ్’. ఎంత పెద్ద నష్టమైనా, ఎన్ని ఎకరాలైనా ‘డ్యామేజే’. ‘డ్యామేజెస్’ అంటే కోర్టు ఇప్పించే నష్టపరిహారం. పంట నష్టం గురించి అర్జీ రాస్తూ ‘హెవీ డ్యామేజెస్’ అని పెడితే చదివే అధికారి అర్థం చేసుకుంటాడనుకోండి, అయినా రాసింది మాత్రం వేరే సంగతి.

పని ‘వర్క్’, మీకు ఇంట్లో ఎన్ని పనులున్నా ‘వర్క్’. కవి రచనలు, కార్ఖానా, రోడ్డు మీద ఇంజినీర్లు చేయించే పనులు ‘వర్క్స్’. కాగితం ‘పేపర్’, లెక్కకు రాదు. పరీక్ష పేపర్లు, వార్తాపత్రికలు, పత్రాలు ‘పేపర్స్’. ఆచారం ‘కస్టమ్’, విమానాశ్రయంలో పెట్టె తెరిపించేది ‘కస్టమ్స్’. నిమిషం ‘మినిట్’, సమావేశంలో జరిగింది రాసి పెట్టేది ‘మినిట్స్’. బట్ట ముక్క ‘క్లాత్’, దాని బహువచనం ‘క్లాత్స్’, కట్టుకునే బట్టలు ‘క్లోత్స్’. ఈ చివరి మాటకు అసలు ఏకవచనం లేదు. ఒక చొక్కా కొంటే ‘ఎ షర్ట్’ అనాలి గాని ‘ఎ క్లోత్’ అనకూడదు.

ఇప్పుడు అటునుంచి చూడండి

తెలుగులో ఒకటే, ఇంగ్లీషులో ఎప్పుడూ పలు. కత్తెర – సిజర్స్. ప్యాంటు – ట్రౌజర్స్. పట్టకారు – టాంగ్స్. ఆవరణ – ప్రెమిసెస్. ఊరి శివారు – ఔట్‌స్కర్ట్స్. పొదుపు – సేవింగ్స్. సంపాదన – ఎర్నింగ్స్. సరుకు – గూడ్స్. రెండు భాగాలు అతికి ఉన్న వస్తువులను ‘ఎ పెయిర్ ఆఫ్’ అని లెక్కపెట్టాలి. ఇందులో కళ్లజోడు మనకు సాయం చేస్తుంది: ‘జోడు’ ఆ మాటలోనే ఉంది కదా, ‘ఎ పెయిర్ ఆఫ్ స్పెక్టకిల్స్’. ‘ఎస్’ తీసేసి ‘స్పెక్టకిల్’ అంటే చూడదగ్గ దృశ్యం, బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ లాంటిది.

ప్రెమిసెస్ గురించి ఒక మాట. ‘ఎస్’ తీసేసి ‘ప్రెమిస్’ అని రాస్తే తర్కశాస్త్రంలో నిర్ణయానికి ఆధారంగా తీసుకునే ప్రతిపాదన అవుతుంది. ఆలయ ఆవరణ ఒకటే అయినా ‘ప్రెమిసెస్’ అనే రాయాలి, క్రియ కూడా బహువచనంలోనే ఉండాలి.

‘ఎస్’ లేని బహువచనాలూ, ‘ఎస్’ ఉన్న ఏకవచనాలూ

జనం వచ్చారు అంటాం గాని జనం వచ్చాడు అనం. ‘పీపుల్’ కూడా ఇంతే. చూడటానికి ఒకటిలా ఉంటుంది, క్రియ మాత్రం ‘ఆర్’. ‘పీపుల్స్’ అంటే వేర్వేరు జాతుల ప్రజలు. క్యూలో నిలబడ్డవాళ్లకు ఆ మాట వాడకండి. ‘పోలీస్’, ‘కాటిల్’ కూడా ఇదే గుంపు. పుంగనూరు పొట్టి పశువుల గురించి రాస్తే ‘కాటిల్ ఆర్’ అనాలి. ఒక్కటే ఉంటే ‘ఎ కౌ’. ఒక్క పోలీసు ఉంటే ‘ఎ పోలీస్ ఆఫీసర్’. ‘స్టాఫ్’ అంటే సిబ్బంది మొత్తం. ఒక లాడ్జీలో పదిమంది పనిచేస్తుంటే ‘టెన్ స్టాఫ్స్’ కాదు, ‘టెన్ స్టాఫ్ మెంబర్స్’.

తిరగేస్తే న్యూస్, మ్యాథమాటిక్స్, ఫిజిక్స్, ఎకనామిక్స్, మీజిల్స్, డయాబెటిస్. చివర ‘ఎస్’ వినిపించినా అన్నీ ఏకవచనాలే. శేషాచలం అడవుల ఎర్రచందనాన్ని ఇంగ్లీషులో ‘రెడ్ సాండర్స్’ అంటారు. ఆ ‘ఎస్’ చెట్టు పేరులోనిదే. ఒక చెట్టున్నా అదే పేరు, ‘రెడ్ సాండర్’ అని కోయకండి. అడవి జంతువుల్లో ‘డీర్’కు రెండు వచనాల్లోనూ ఒకే రూపం. శ్రీ వేంకటేశ్వర జూ పార్కులో ఒక జింకను చూసినా మందను చూసినా ‘డీర్’. షీప్, ఎయిర్‌క్రాఫ్ట్, సిరీస్, స్పీషీస్ ఇదే కోవ. ‘స్పీషీ’ అనే ఏకవచనం లేదు, ఎవరు ఎంత ధీమాగా రాసినా సరే.

రాత దగ్గర జాగ్రత్తలు

మదనపల్లె మార్కెట్టుకు వచ్చేవి టొమాటోలు. ‘ఓ’ తర్వాత ‘ఇ, ఎస్’ రాయాలి. పొటాటో, హీరో, ఎకో కూడా ఇలాగే. చిత్తూరు తోటల మామిడికి మాత్రం ‘ఇ’ ఉన్నా లేకపోయినా తప్పు పట్టరు. ‘ఇ’తో రాయడమే ఎక్కువ వాడుక. బఫెలో, మస్కిటో దగ్గర కూడా అదే వెసులుబాటు. ఆటో, ఫోటో, రేడియో, వీడియో, స్టూడియో, కిలో లాంటి వాటికి ‘ఎస్’ ఒక్కటే. ఇవి కత్తిరించిన పొట్టి మాటలో, ‘ఓ’కు ముందు మరో అచ్చు ఉన్నవో అయి ఉంటాయి. ఈ గుర్తు నూటికి నూరు పాళ్లు పనిచేయదు గాని చాలా చోట్ల దారి చూపుతుంది.

‘వై’తో ముగిసే మాటకు ముందు అక్షరం హల్లు అయితే ‘వై’ పోయి ‘ఐ, ఇ, ఎస్’ వస్తుంది: లేడీ, ఫ్యామిలీ, సిటీ. అచ్చు అయితే ‘ఎస్’ ఒక్కటే. ఘాట్ రోడ్డులో కోతులుంటాయని హెచ్చరిక రాస్తే ‘మంకీ’ రాతలో ‘వై’ అలాగే ఉండాలి, దాని ముందు ‘ఇ’ ఉంది కాబట్టి. ‘కీ’, ‘డే’, ‘టాయ్’ కూడా అంతే.

‘ఎఫ్’ మాటలు మొండివి. నైఫ్, వైఫ్, లీఫ్, కాఫ్, థీఫ్ ‘వి’లోకి మారతాయి. రూఫ్, చీఫ్, ప్రూఫ్, బిలీఫ్ మారవు. వీటికి నియమం వెతకడం వృథా, ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే చాలావరకు నడుస్తుంది.

ఫుట్, టూత్, గూస్, మౌస్, మ్యాన్ లోపలి అచ్చును మార్చుకుంటాయి. అవి పాత ఇంగ్లీషు నాటి అలవాట్లు. ‘గూస్’ బహువచనం ‘గీస్’ అయితే ‘మంగూస్’ బహువచనం ‘మంగీస్’ కావాలి కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. కాదు, ‘మంగూసెస్’. అది బాతుకు బంధువు కాదు. మరాఠీ దారిన ఇంగ్లీషుకు వెళ్లిన మాట, మన ముంగిసకు చుట్టం. అలాగే మన పందికొక్కు ‘బ్యాండికూట్’ అయి కూర్చుంది. బయటి నుంచి వచ్చిన ఇలాంటి అతిథులకు ఇంగ్లీషు మామూలు ‘ఎస్’ మర్యాదే చేస్తుంది.

‘చిల్డ్రన్’ మీద అదనంగా ‘ఎస్’ పెట్టేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆ మాటలో ఇప్పటికే రెండు బహువచన ప్రత్యయాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి: పాతకాలపు ‘ఆర్’ ఒకటి, దాని మీద ‘ఇ, ఎన్’ ఒకటి. మనం ‘షూస్‌లు’, ‘చిప్స్‌లు’ అన్నట్టే ఇంగ్లీషువాళ్లూ ఒకప్పుడు చేశారన్నమాట. మూడోది చేర్చకండి. చిల్డ్రన్స్ పార్కు బోర్డు మీద ఉన్న ‘ఎస్’ సంగతి వేరు, అది పిల్లలకు చెందిన పార్కు అని చెప్పేది. దాని ముందు అపాస్ట్రఫీ, అంటే పైన పెట్టే కామా లాంటి గుర్తు, ఉండాలి.

ఆ అపాస్ట్రఫీ చుక్క ఉండాల్సింది అక్కడే. మన ఊళ్లో మాత్రం టిఫిన్స్, రూమ్స్, మీల్స్ అనే బోర్డుల మీద కూడా ‘ఎస్’కు ముందు అది వేలాడుతూ ఉంటుంది. బహువచనానికి అపాస్ట్రఫీ పెట్టరు. నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే తప్పు ఇదే.

చదువుకున్నవాళ్ల తప్పులు

లాటిన్, గ్రీకు నుంచి వచ్చిన మాటల్లో బహువచనాన్నే ఏకవచనం అనుకుంటాం. ‘క్రైటీరియా’ పలు, ఒకటి ‘క్రైటీరియన్’. ‘ఫినామినా’ పలు, ఒకటి ‘ఫినామినన్’. ‘బ్యాక్టీరియా’ పలు, ఒకటి ‘బ్యాక్టీరియమ్’. ‘అనాలిసిస్’, ‘క్రైసిస్’, ‘థీసిస్’ చివరి ‘ఐ’ని ‘ఇ’గా మార్చుకుంటాయి. ‘సిలబస్’కు ‘సిలబసెస్’, ‘సిలబై’ రెండు రూపాలూ ఒప్పే. ‘డేటా’ అసలు బహువచనమే. ఐఐటీ, ఐసర్ లాంటి చోట పరిశోధనా పత్రం రాసేవారు ‘డేటా ఆర్’ అని రాయడం మేలు. మామూలు వాడుకలో ‘డేటా ఈజ్’ అన్నా ఎవరూ ఆక్షేపించరు. ‘అజెండా’ కూడా పుట్టుకతో బహువచనమే గాని ఇప్పుడు ఏకవచనమై స్థిరపడింది.

దరఖాస్తుల్లో తరచూ కనిపించేది పూర్వ విద్యార్థి అనే మాట. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదివిన ఒక పురుషుడు ‘అలమ్నస్’. చాలామంది అయితే ‘అలమ్నై’. మనవాళ్లు ‘అలుమ్ని’ అని పలికేది దీన్నే. స్త్రీ అయితే ‘అలమ్నా’. 1983లో ఏర్పడిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివినవారంతా ‘అలమ్నీ’, రాతలో చివర ‘ఎ, ఇ’. స్త్రీలూ పురుషులూ కలిసి ఉంటే మళ్లీ ‘అలమ్నై’యే. మీ గురించి మీరు రాసుకుంటూ ‘యాన్ అలమ్నై’ అంటే మీరొక్కరే పదిమంది అయిపోతారు.

చివరి పరీక్ష: మాటను వదిలి పక్కవాటిని చూడండి

నామవాచకం సరిగ్గా ఉన్నా పొరుగు మాట వల్ల తప్పు జరగవచ్చు. ‘వన్ ఆఫ్ మై’ తర్వాత ఎప్పుడూ బహువచనం: ‘ఫ్రెండ్స్’. క్రియ మాత్రం ఆ ఒక్కరిని బట్టి ఏకవచనం. ‘ఈచ్’, ‘ఎవ్రీ’ తర్వాత ఏకవచనం. నామవాచకం మరో నామవాచకం ముందు విశేషణంలా కూర్చుంటే దాని ‘ఎస్’ ఊడిపోతుంది. ప్రత్యేక ప్రవేశ దర్శనానికి చెల్లించేది ‘త్రీ హండ్రెడ్ రూపీస్’, చేతికి వచ్చేది ‘త్రీ హండ్రెడ్ రూపీ టికెట్’. పిల్లవాడి వయసు ‘ఫైవ్ ఇయర్స్’, వాడు ‘ఫైవ్ ఇయర్ ఓల్డ్ బాయ్’. అంకె ముందుంటే హండ్రెడ్, థౌజండ్ మాటలకు ‘ఎస్’ ఉండదు. వందలాది, వేలాది అని ఉజ్జాయింపుగా చెప్పేటప్పుడు ఉంటుంది. అత్తగార్లు ‘మదర్స్ ఇన్ లా’, దారిన పోయేవాళ్లు ‘పాసర్స్ బై’. అసలు మనిషి ఏ ముక్కలో ఉంటే ‘ఎస్’ ఆ ముక్కకే.

ఇప్పుడు బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల్లో గోడ మీద ఉండే సూచనల బోర్డు ఒకటి ఊహించుకుని దిద్దండి. సామాన్లు, నగలు మీరే జాగ్రత్త చేసుకోవాలనే వాక్యంలో ‘లగేజెస్’, ‘జ్యూయెలరీస్’ ఉంటాయి. రెండిటికీ ‘ఎస్’ తీసేయండి. రెండోదాని చివర ‘వై’ తిరిగి వస్తుంది. పోతే మా పూచీ లేదనే చోట ‘స్టాఫ్స్’ ఉంటే ‘స్టాఫ్’ చేయండి. ఆవరణలో వంట చేయరాదనే చోట ‘ప్రెమిస్’ ఉంటే ఇక్కడ మాత్రం ‘ఎస్’ చేర్చాలి. గదులు ఖాళీ ఉన్నాయనే చోట ‘రూమ్స్’ మధ్యలో ఉన్న అపాస్ట్రఫీ చెరపండి. ‘ట్వెంటీ ఫోర్ అవర్స్ చెకౌట్’లో ‘అవర్’ మరో నామవాచకం ముందు నిలబడింది, కాబట్టి ‘ఎస్’ పోవాలి.

కొత్త బోర్డు రాయించేవారైతే నోటితో చెప్పకండి. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి పెయింటరు చేతికి ఇవ్వండి. రంగు ఆరిన తర్వాత, డబ్బు ఇవ్వక ముందు, ఒక్కో మాట చివర వేలు పెట్టి కాగితంతో సరిచూసుకోండి. తన సొంత అపాస్ట్రఫీ ఒకటి ఎక్కడో ఒక చోట పెట్టే ఉంటాడు.